పిడికెడు బియ్యం నుంచి పాయింట్ల చీటీ దాకా: చర్చి సరుకుల గదిలో నా అనుభవం

చెన్నైలో బియ్యం కార్డు ఉన్న ఇంటికి బియ్యం కొరత పెద్దగా ఉండదు. 2011 జూన్ నుంచి రేషన్ షాపులో ఆ కార్డుకి బియ్యం ఉచితం. మా చర్చి సంఘంలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. సగం మంది ఆ షాపుల ముందు సంచి పట్టుకుని నిలబడినవాళ్లే. అయినా "లేనివాళ్లకి ఏదైనా ఇద్దాం" అనుకోగానే అందరూ చర్చికి మోసుకొచ్చేది బియ్యమే. నేను సరుకుల గదిలో పనికి చేరేసరికి గోడ పొడవునా బియ్యం బస్తాలు ఉన్నాయి. ఒక మూల కాస్త కందిపప్పు. నూనె అసలే లేదు.

మాది ఉత్తర చెన్నైలో, పెరంబూరు వైపు ఉన్న తెలుగు సంఘం. రైల్వే వర్క్‌షాపుల్లో, రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో ఉద్యోగాల కోసం నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు కొన్ని. కార్పొరేషన్ పారిశుధ్య పనిలో తాతల కాలం నుంచి ఉన్న తెలుగు కుటుంబాలు ఇంకొన్ని. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా పిల్లలు కొందరు తెలుగు పాటల్ని తమిళ లిపిలో రాసుకుని పాడతారు, రాగం ఎక్కడా తప్పరు.

నేను బ్యాంకులో పనిచేస్తాను. ఒక ఆదివారం ప్రకటనల్లో మా పాస్టరు అయ్యగారు "స్టోర్ రూమ్ పరిచర్యకి లెక్కలు వచ్చినవాళ్లు కావాలి" అన్నారు. పక్కన కూర్చున్న మా పిన్ని నా మోచేతిని పొడిచింది. నా ఎంపిక అలా జరిగిపోయింది.

ఆ గది తాళం రైల్వే గూడ్స్ ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయన దగ్గర ఉండేది. స్టాకు రిజిస్టరు ఆయనదే, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. నాకు మొదట అప్పగించిన పని పిడికెడు బియ్యం జల్లించడం. ఈ అలవాటు తెలుగు సంఘాల్లో పెరిగినవాళ్లకి తెలిసిందే. పూటపూటా ఎసరు పెట్టే ముందు, కొలుచుకున్న బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. నెలకోసారి స్త్రీల సమాజం వాళ్లు ఆ డబ్బాలన్నీ చర్చికి తెస్తారు. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు ఇలాంటిదే 1910లో మొదలుపెట్టి ఈనాటికీ నడుపుతున్నారు. మంచి పద్ధతే, కానీ మా దగ్గర దానికో చిక్కుంది. ఒకరింట్లో సోనా మసూరి, ఒకరింట్లో పొన్ని, ఇంకొకరింట్లో రేషన్ ఉప్పుడు బియ్యం. అన్నీ ఒకే డ్రమ్ములో పడతాయి. ఆ బియ్యం వండితే ఒక గింజ ముద్దవుతుంది, పక్క గింజ పలుకుగానే ఉంటుంది.

"మీరిచ్చే బియ్యంతో అన్నం కుదరదయ్యా, గంజి కాచుకోవాల్సిందే," అని ఒక ముసలామె నా ముందే పెద్దాయనతో అనేసింది. ఆయన నొచ్చుకున్నారు. నాకు మాత్రం ఆవిడ ధైర్యం నచ్చింది. ఉచితంగా తీసుకునేవాళ్లు అంత సూటిగా మాట్లాడటం అరుదు. కలిసిపోయిన బియ్యాన్ని మిల్లుకి పంపి పిండి పట్టించాం. ఆ తర్వాత నుంచి రెండు డ్రమ్ములు పెట్టి, ఒకదాని మీద 'పచ్చి', ఇంకోదాని మీద 'ఉప్పుడు' అని రాశాం. పిండి ప్యాకెట్లు బియ్యం కంటే త్వరగా అయిపోయాయి, అది మేమెవరం అనుకోలేదు.

సరుకులు కాపాడటం గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. ఐప్పసి, కార్తిక మాసాల వానల్లో, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఇక్కడ గోడలు కూడా చెమ్మగిల్లుతాయి. కందిపప్పుకి పురుగు పడుతుంది. బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టడం, గోడకి జానెడు ఎడం వదలడం, ఎండిన వేపాకు వేయడం, ముందొచ్చిన సరుకు ముందు పంపడం. ఇంతకు మించి రహస్యం ఏమీ లేదు. పందికొక్కుల సంగతి వేరు. వాటిని ఆపడానికి తలుపు కింద రేకు కొట్టించాం.

అసలు పని నాకు రిజిస్టరులో మొదలైంది. అప్పటిదాకా అందులో పేరు, వీధి, సంతకం, అంతే. ఇంట్లో ఎంతమంది, పొయ్యి ఏమిటి, రేషన్ కార్డు ఏ రాష్ట్రానిది, నెలలో ఏ వారం కష్టంగా ఉంటుంది అని నాలుగు గళ్లు పెంచాను. ఆధార్ జిరాక్సు అడుగుదామన్నారు ఒకరిద్దరు. వద్దని గట్టిగా చెప్పాను. బ్యాంకులో పొద్దంతా నేను చేసేది ఆ కాగితాల పనే. రెండు కిలోల పప్పు కోసం వచ్చిన మనిషికి అది అవసరం లేదు.

పొయ్యి గడి మాకు చాలా నేర్పింది. జార్జ్‌టౌన్ వైపు పేవ్‌మెంట్ మీద ఉండేవాళ్లు కొందరు నడిచొచ్చేవాళ్లు. వాళ్లకి పొయ్యే లేదు. మేమిచ్చిన బియ్యం వాళ్లు ఏం చేసుకుంటున్నారని ఎవరూ అడగలేదు. అడిగితే, దారిలోనే టీకొట్టువాడికి తక్కువ ధరకి ఇచ్చేసి, ఆ డబ్బుతో తింటున్నామని ఒకాయన చెప్పాడు. దాన్ని మోసం అని ఎలా అంటాం? వాళ్లకోసం అటుకులు, రస్కులు, వేరుశెనగ చిక్కీలు, అరటిపళ్లు విడిగా పెట్టాం. అమ్మ క్యాంటీన్ దగ్గర్లో ఎక్కడుందో కూడా చెప్పేవాళ్లం. 2013లో మొదలైనప్పుడు పెట్టిన ధర ప్రకారం అక్కడ ఇడ్లీ రూపాయి, సాంబారన్నం ఐదు రూపాయలు. ఆ ధరకి మేం ఏ కుండలోనూ వండి పెట్టలేం.

'కష్టంగా ఉండే వారం' గడి ఇంకో సంగతి బయటపెట్టింది. మేం మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ఇచ్చేవాళ్లం. నెల మొదట్లో జీతాలు, కూలి బాకీలు చేతికొస్తాయి. 15వ తేదీ ప్రాంతంలో ప్రభుత్వం ఆడవాళ్ల ఖాతాల్లో వేసే వెయ్యి రూపాయలు వస్తాయి, 2023 సెప్టెంబర్ నుంచి. ఇబ్బంది అంతా నాలుగో వారంలోనే. రిజిస్టరులో ఎక్కువమంది ఆ వారమే చెప్పారు. మేమేమో చేతిలో డబ్బున్న వారంలో ఇస్తున్నాం. చివరి శనివారం సాయంత్రానికి మార్చాం. తెల్లవారకముందే ఊడ్చే పనికి వెళ్లేవాళ్లు ఆ వేళకి ఇంట్లో ఉంటారు. ఆదివారం కాకపోవడంలో ఇంకో లాభం కూడా ఉంది. అది తర్వాత చెప్తాను.

సంవత్సరంలో కష్టమైన నెల మే. బడులుంటే పిల్లలకి మధ్యాహ్నం భోజనం, ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో 2022 నుంచి పొద్దున టిఫిన్ కూడా ఉంది. సెలవులు రాగానే ఆ రెండు పూటలూ ఇంటి మీద పడతాయి. క్రిస్మస్‌కి మాకు సరుకులు పొంగిపొర్లుతాయి, మే నెలలో ఇచ్చేవాళ్లంతా ఊళ్లలో ఉంటారు. ఇప్పుడు డిసెంబర్ కానుకల్లో సగం డబ్బు ముట్టుకోకుండా మే నెలకి దాస్తున్నాం. దీనికి కమిటీని ఒప్పించడానికి పట్టిన శ్రమ బస్తాలు మోయడానికి కూడా పట్టలేదు.

ఇక సంచి సంగతి. అందరికీ ఒకేలాంటి సంచి కట్టడం అప్పటిదాకా మా పద్ధతి. బియ్యం, పప్పు, గోధుమపిండి, సేమియా, ఒక సబ్బు. అమెరికాలో ఉండే మా తమ్ముడు అక్కడొక చర్చిలో ఇలాంటి పనికే వెళ్తాడు. అక్కడ వచ్చినవాళ్లు అరల మధ్య బండి తోసుకుంటూ తమకి కావలసింది తామే తీసుకుంటారని చెప్పాడు. అమెరికాలో ఫుడ్ బ్యాంకు అనేది పుట్టింది కూడా చర్చి అండతోనే. 1967లో ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన, సెయింట్ మేరీస్ చర్చి ఇచ్చిన పాత బేకరీ భవనంలో మొదలుపెట్టాడు. "మన గదిలో బండి తిరగదురా," అన్నాను. "బల్ల వేయక్కా, చాలు," అన్నాడు.

బల్లలు వేశాం. చీటీ మీద పాయింట్లు రాసిస్తాం. ఒంటరి మనిషికి ఎనిమిది, నలుగురి దాకా పద్నాలుగు, ఆపైన ఇరవై. నూనె ప్యాకెట్టుకి మూడు, కందిపప్పుకి మూడు, మినప్పప్పుకి మూడు, టీపొడికి రెండు, పంచదార, చింతపండు, సబ్బులకి ఒక్కో పాయింటు. శానిటరీ ప్యాడ్లకి పాయింట్లు లేవు. అవి విడిగా ఒక అక్క దగ్గర కాగితం సంచిలో ఉంటాయి, అడగాల్సిన పని లేదు, చెయ్యి చాపితే చాలు.

మొదటి శనివారం చూడాలి! నూనె అరగంటలో ఖాళీ. రేషన్‌లో పామాయిల్ లీటరు పాతిక రూపాయలకి, కందిపప్పు కిలో ముప్పైకి వస్తాయి, కానీ నెలకి కార్డుకొకటే. ఐదుగురున్న ఇంట్లో లీటరు నూనె రెండో వారం దాటదు. నూనె తర్వాత పప్పులు, టీపొడి, బట్టల సబ్బు. తెలుగువాళ్లు ఎండుమిర్చి లేదేంటని అడిగారు. తమిళ ఇళ్లవాళ్లు మినప్పప్పు ముందు లాక్కున్నారు, ఇంట్లో రేషన్ బియ్యం ఉంది కాబట్టి ఆ పప్పు ఒక్కటుంటే ఇడ్లీ పిండి తయారు. బియ్యం బస్తా దగ్గరికి దాదాపు ఎవరూ రాలేదు. ఐటీ కంపెనీ కుర్రాళ్లు పంపిన ఓట్స్ డబ్బాలు మాత్రం కదల్లేదు. చివరికి షుగరు ఉన్న మా సంఘ పెద్దలే డబ్బిచ్చి కొనుక్కున్నారు, ఆ డబ్బుతో నూనె తెచ్చాం.

అప్పటినుంచి సరుకులు తెచ్చేవాళ్లకి ఒక జాబితా ఇస్తున్నాం, అందులో బియ్యం లేదు. టోకుగా కొనేవి గోవిందప్ప నాయకన్ వీధిలో కొంటాం. ఆ వీధిలో బేరం ఆడటం నాకు రాదు, మా పిన్ని వస్తుంది. చిత్రమేమిటంటే, ఎంచుకునే పద్ధతి వచ్చాక ఖర్చు పెరుగుతుందని భయపడ్డాం, పెరగలేదు. అక్కర్లేనిది ఎవరూ తీసుకోవడం లేదు కాబట్టి మిగులుతోంది. పాయింట్లు మిగిల్చి చీటీ తిరిగిచ్చి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

తగాదా వేరేచోట వచ్చింది. పక్క వీధిలో ఉండే ఒక తమిళావిడ గేటు దగ్గర నిలబడి గట్టిగానే అడిగింది. స్టాకు అయిపోయిందని తనని పంపేశారని, తన వెనక వచ్చిన తెలుగావిడకి మాత్రం ఇచ్చారని. రిజిస్టరు తీసి చూశాను. ఆవిడ చెప్పింది నిజమే. ఎవరూ కావాలని చేసింది కాదు. తెలిసిన మొహానికి పలకరింపుతో పాటు ఇంకో ప్యాకెట్టు కూడా వెళ్లిపోతుంది. కమిటీలో ఇది పెట్టేసరికి "మనవాళ్లకే చాలడం లేదు కదమ్మా" అన్నారు ఒక పెద్ద. "మనవాళ్లంటే ఎవరు మామా?" అంది స్త్రీల సమాజం కార్యదర్శి. గది వేడెక్కింది.

అయ్యగారు ప్రసంగం ఏమీ చేయలేదు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీసి మొదటి వచనాలు చదివారు. యెరూషలేములో రోజూ పంచే ఆహారంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్లని చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు పుట్టింది. అంటే మొదటి సంఘంలో మొదటి గొడవే భాష దగ్గర, తిండి పంపకం దగ్గర. దానికి వాళ్లు ఏడుగురిని ఏర్పరిచారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. "ఈ ఏడూ గ్రీకు పేర్లే," అన్నారు అయ్యగారు. "ఎవరికి అన్యాయం జరిగిందో, పంచే గరిటె వాళ్ల చేతికే ఇచ్చారు." చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో ఆ పేర్లు బట్టీ పట్టినదాన్ని, అవి ఎవరి పేర్లో ఎన్నడూ ఆలోచించలేదు.

గేటు దగ్గర అడిగిన ఆ తమిళావిడనే పిలిచాం. ఆవిడ క్రైస్తవురాలు కాదు, మారియమ్మ భక్తురాలు. "నాకేం తెలుసు ఈ పని" అంది మొదట. ఇప్పుడు నూనె బల్ల ఆవిడదే. చీటీ లేకుండా మా అయ్యగారు వచ్చినా ప్యాకెట్టు ఇవ్వదు.

ఆదివారం నుంచి మార్చడం వల్ల ఇంకో లాభం అన్నాను కదా, ఆవిడలాంటివాళ్లే కారణం. ఆరాధన అయ్యాక ఇస్తుంటే, రెండు గంటలు వాక్యం వినాల్సిందేనేమో అని చాలామంది అనుకునేవాళ్లు. కొందరు చివరి ప్రార్థన వేళకి వచ్చి, వెనక బెంచీలో బిగుసుకుని కూర్చునేవాళ్లు. సంచి చేతిలో పెట్టే ముందు ప్రార్థన చేద్దామని మాలోనే కొందరికి ఇప్పటికీ ఆశ. ఒకసారి ఆ మాట వచ్చినప్పుడు పెద్దాయన నాకొక కథ చెప్పారు. ఆయనది ఒంగోలు వైపు.

బేసిన్ బ్రిడ్జి దగ్గర మురికిగా కనిపిస్తుందే, ఆ బకింగ్‌హామ్ కాలువే ఒంగోలు దాటి కాకినాడ దాకా వెళ్తుంది. 1876–78 కరువులో ఆ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్న జనానికి కూలి ఇప్పించాడు. ఆ సాయం నడిచినన్నాళ్లు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం మతంలోకి వస్తున్నారన్న మాట పడకూడదని. కరువు సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులోనే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "అంత పెద్ద దొరకే ఆ జాగ్రత్త ఉంటే మనకెందుకు తొందర అమ్మాయ్," అన్నారు పెద్దాయన. ఇప్పుడు మా దగ్గర ఇంతే: పక్క గేటు నుంచి లోపలికి రావడం, చీటీ తీసుకోవడం, సరుకులు తీసుకోవడం, వెళ్లిపోవడం. ప్రార్థన కావాలని అడిగినవాళ్ల కోసం అయ్యగారు మందిరంలో కూర్చుంటారు. అడిగేవాళ్లు ఉంటారు, అన్ని మతాలవాళ్లూ.

ఫొటోల గొడవ గురించి ఎక్కువ రాయను. పుట్టినరోజుకి సరుకులిచ్చే ఒకాయన, తన మనవరాలు సంచి అందిస్తుండగా ఫొటో కావాలన్నారు. సరుకుల ఫొటో, గది ఫొటో, రసీదు ఇస్తాం, మనుషుల మొహాలు ఇవ్వం అన్నాం. కోపం వచ్చి ఆ ఏడు మానేశారు, మరుసటి ఏడు మళ్లీ వచ్చారు. పెళ్లి విందులో మిగిలిన బిర్యానీ కూడా తీసుకోం. మాకు ఫ్రిజ్ లేదు, ఈ ఊరి ఎండకి ఆ అన్నం ఎంతసేపు నిలుస్తుందో అందరికీ తెలుసు.

నా లెక్కలో అన్నిటికంటే ఉపయోగపడింది చివర్లో వేసిన చిన్న బల్ల. దాని మీద సరుకు ఏమీ ఉండదు. తమిళం, తెలుగు రెండూ చదవగలిగే కాలేజీ అమ్మాయి ఒకతి అక్కడ కూర్చుని ఫారాలు నింపుతుంది. ఏళ్ల తరబడి చీపురు పట్టినవాళ్ల వేళ్లకి గీతలు అరిగిపోయి రేషన్ మిషన్‌లో పడవు. వయసు మళ్లినవాళ్ల తరఫున ఇంకొకరు సరుకు తెచ్చుకునేలా అనుమతి రాయించుకోవచ్చని వాళ్లలో చాలామందికి తెలియదు. వృద్ధాప్య పెన్షన్ 1,200 రూపాయలకి దరఖాస్తు పెట్టనివాళ్లూ ఉన్నారు. భవనాల పనికి కొత్తగా వచ్చిన ఆంధ్ర కుటుంబాలకైతే, ఊళ్లోని కార్డు మీద ఇక్కడే తమ వాటా బియ్యం తీసుకోవచ్చన్న సంగతే కొత్త. 'ఒకే దేశం ఒకే రేషన్' పద్ధతి 2020 అక్టోబర్ నుంచి తమిళనాడులోనూ నడుస్తోంది. ఒక్కటే చిక్కు, ఆ కార్డు కేంద్ర ఆహార భద్రత చట్టం కిందది అయ్యుండాలి. రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చే కార్డైతే ఇక్కడ పడదు. 'మేరా రేషన్' యాప్‌లో చూసి చెప్తుంది ఆ అమ్మాయి. పడదని తేలినవాళ్లకి మాత్రం మా పచ్చి బియ్యం డ్రమ్ము తెరుస్తాం. పిడికెడు బియ్యం ఇప్పుడు దాదాపు వాళ్లకే వెళ్తోంది, స్త్రీల సమాజం వాళ్లు కూడా డబ్బాలు విడిగా తేవడం నేర్చారు.

పోయిన మీటింగులో గుడ్ల మాట వచ్చింది. ఇంకేం కావాలో రాయమని చీటీలో ఖాళీ ఇస్తే ఎక్కువమంది రాసింది అదే. ఫ్రిజ్ లేకపోయినా గుడ్డు కొన్నాళ్లు నిలుస్తుంది, పిల్లలున్న ఇంటికి అంతకంటే మేలైనది మా బల్లల మీద లేదు. కానీ ధర రోజూ మారుతుంది, పాయింట్లు ఎలా కట్టాలి? పగిలినవి ఎవరి లెక్కలో రాయాలి? కోశాధికారి గారు ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. చలికాలంలో ఒక నెల చూద్దామని, డజనుకి మూడు పాయింట్లని తీర్మానం రాసుకున్నాం. ట్రేలు మోసుకొచ్చే పనికి మాత్రం ఇంకా ఎవరూ పేరివ్వలేదు.